పాచి నోరు

ఉప్మా ముద్ద చిన్ను బుగ్గలోకి వెళ్ళి ఇరవై నిమిషాలయింది. మింగదు, ఉమ్మదు.

"మింగు తల్లీ, మా బంగారు గదా" అంటూ సరోజమ్మ గిన్నె పట్టుకుని మనవరాలి వెనక సోఫా చుట్టూ తిరుగుతోంది. చెంచా నాలిక్కి ఆనించి వేడి చూడడం, ఊదడం, పాప నోటి దగ్గర పెట్టడం, పాప తల తిప్పేయడం. నాలుగేళ్ళ పిల్లకి ముందు పళ్ళు నాలుగూ నల్లబడి మొదళ్ళు మిగిలాయి. శుక్రవారం మత్తిచ్చి వాటి సంగతి చూస్తానన్నాడు పళ్ళ డాక్టరు. అప్పటిదాకా ఏదీ బుగ్గన పెట్టుకోనివ్వకండి అన్నాడు. అనడానికి ఆయనదేం పోయింది.

"లచ్చమ్మ పెడితే తింటా" అంది చిన్ను, ముద్ద బుగ్గలో ఉంచుకునే.

వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న హరిత మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఆ కాయితం ఇంకా అలాగే ఉంది. ఐదు పేర్లు, ఎదురుగా ఐదు మాటలు. చిన్ను, పాజిటివ్. లచ్చమ్మ, పాజిటివ్. హరిత, ఆమె భర్త యశ్వంత్, అత్త సరోజమ్మ, ముగ్గురూ నెగటివ్. పళ్ళు పుచ్చబెట్టే క్రిమి ఎవరి నోట్లో ఉందో, ఉమ్మిని ప్లేటులో వేసి పెంచి చూసే పరీక్ష అది. హరిత ఉద్యోగమే ఆ పరీక్ష. జీడిమెట్ల లాబులో బాచుపల్లి బడిపిల్లల ఉమ్మితో పాటు తన ఇంటివాళ్ళదీ కలిపి పెట్టింది, ఉత్సాహం కొద్దీ. ఆ ఉత్సాహం ఇప్పుడెక్కడుందో ఆమెకే తెలియదు.

శనివారం సరోజమ్మ ఆ కాయితం చదివి, "మన ఇంట్లో ఎవురికీ లేదు. దానికే ఉండేది" అంది. పాచి పని చేసి, పాపను ఎత్తుకుని తిప్పే లచ్చమ్మ ఆ మధ్యాహ్నమే మానేసింది. మానేసింది అనడం మన మర్యాద. మాన్పించారు. హరిత అక్కడే నిలబడి ఉంది. తన పేరు ఎదురుగా నెగటివ్ అని చూసి ఒక ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వదిలేలోగా లచ్చమ్మ లిఫ్టు ఎక్కేసింది.

కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో లింగయ్య. అపార్ట్‌మెంటు వాచ్‌మన్, లచ్చమ్మ పెనిమిటి. చేతిలో ఈ ఇంటి తాళంచెవి.

"లచ్చమ్మ కాడున్నది, ఇయ్యమన్నది మేడం."

"లోపలికి రా లింగయ్యా."

"వద్దు మేడం. ఒక్క మాట అడగనీకి వచ్చిన. ఆ కాయితం జర ఇస్తరా?"

"ఏ కాయితం?"

"లచ్చమ్మ పేరున్నది. బీ బ్లాకుల నాలుగిండ్లోల్లు ఇగ పనికి రావద్దన్నరు. దాని నోట్ల పురుగులున్నయంట, పిల్లలకు అంటుకుంటయంట. దవాఖానల సూపిస్త. మందుంటే మందు వేపిస్త."

"అది రోగం కాదు లింగయ్యా. చాలామంది నోట్లో ఉండేదే."

"అందరి నోట్ల ఉంటే, లచ్చమ్మ పేరొక్కటే ఎందుకు రాసిన్రు మేడం?"

అతను నిలదీసి అడగలేదు. తెలియక అడిగాడు. హరిత సూక్ష్మజీవుల శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది, ఎనిమిదేళ్ళ నుంచి ప్లేట్లు చదువుతోంది. ఫ్రిజ్ వైపు ఒకసారి చూసింది. కాయితం మాత్రం తీయలేదు.

"రేపు పొద్దుగాల ఆటో ట్రాలీ జెప్పిన" అన్నాడు లింగయ్య. "సెక్రటరీ సారు గది ఖాళీ జేయమన్నడు. పిల్లలున్న బిల్డింగుల గిట్ల వద్దన్నడు. మీరు ఫికర్ జేయకుండ్రి. ఊర్ల ఇల్లున్నది, పైకప్పొక్కటి ఏపిచ్చుకోవాలె." తాళంచెవిని చెప్పుల స్టాండు మీద చప్పుడు కాకుండా పెట్టి మెట్లు దిగి వెళ్ళాడు. లిఫ్టు అక్కడే ఆగి ఉంది.

తలుపు వేసి హరిత వెనక్కి తిరిగింది.

"అత్తా, బీ బ్లాకులో ఎవరికి చెప్పారు?"

"నేనేమన్నా దండోరా వేసినానా? విష్ణు సహస్రనామం కాడ నాగేశ్వరి అడిగింది, లచ్చమ్మ ఎందుకు రాలేదని. అబద్ధం చెప్పమంటావా? మా కోడలి లాబులో తేలిందని చెప్పినా."

"వాళ్ళ గది పోతోంది."

"నన్నంటావేం? రాసింది నువ్వే గదా."

అది నిజం. నిజం ముందు కోపం కూడా నిలబడలేదు, కాబట్టి హరితకు కోపం రాలేదు. ఏమీ రాలేదు.

పడకగది తలుపు సందులోంచి యశ్వంత్ తల బయట పెట్టాడు. చెవిలో ఇయర్‌ఫోను. "అమ్మా, కొంచెం మెల్లగా. క్లయింటు లైన్లో ఉన్నాడు. హరితా, నువ్వు టెస్ట్ చేశావు, రిజల్ట్ వచ్చింది. మళ్ళీ దాని మీద చర్చెందుకు?" తలుపు మూసుకుంది.

చిన్ను ముద్దను నేల మీద ఉమ్మింది. ఆడవాళ్ళిద్దరూ దాన్ని చూశారు. పొద్దున్నే తుడిచే మనిషి లేదు గనక హరితే గుడ్డ తెచ్చి తుడిచింది. కాయితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

*

కంపెనీ వ్యాను కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఎక్కించుకుని జీడిమెట్లలో దింపేసరికి పదయింది. ఆ గేటు దగ్గర గాలిలో ఉండే మందుల వాసన కొత్తవాళ్ళకు తలనొప్పి. హరితకు అది వాసన కావడం మానేసి చాలా కాలమైంది.

శనివారం సాయంత్రం ఆమె చేసిన పని ఒక్కటే. లాబులో తనతో పనిచేసే అఖిలకు మెసేజ్ పెట్టింది. ఫ్రీజర్లో మిగిలిన ఇంటి గొట్టాలు ఐదూ ఆదివారం డ్యూటీలో కొత్త ప్లేట్ల మీద వెయ్యి, సాదా ప్లేట్ల మీద కూడా వెయ్యి అని. ఎందుకో తనకే తెలియలేదు. ఆదివారం వేసినవి రెండు రోజులకు, అంటే ఈ పూటకు, తయారై ఉంటాయి.

కొత్త ప్లేట్లంటే ఆమె రెండు నెలల కష్టం. ఇంటి గొట్టాలు మొదట వేసినప్పటికి అవింకా సిద్ధం కాలేదు. బాచుపల్లి బడిలో నలభైమంది పిల్లల్ని చూస్తే ముప్పైమందికి పళ్ళు పుచ్చి ఉన్నాయి. ప్లేట్లలో మాత్రం పదకొండుమందికే క్రిమి మొలిచింది. పన్ను అబద్ధం చెప్పదు, కాబట్టి ప్లేటే చెబుతోంది. నోట్లో నానా రకాల క్రిములుంటాయి. మిగతావి మొలవకుండా పాత ప్లేటులో ఒక మందు కలుపుతారు. ఆ మందే ఎక్కువవుతోందని, అదీ ఒక్కో ప్లేటులో ఒక్కోలా పడుతోందని హరిత పట్టుకుంది. కడప జిల్లా రైతు కూతురు, ఆమెకది తెలియకపోతే ఎలా? కలుపు మందు మోతాదు మించితే కలుపుతో పాటు శెనగ మొక్కా మాడుతుంది. అందుకని మందు సగానికి తగ్గించింది. తగ్గించినదాన్ని ఏ వారానికావారం తాజాగా కలిపించింది. సాదా ప్లేటులో అసలు మందే ఉండదు. నోట్లో ఏదుంటే అది మొలుస్తుంది.

గొట్టాల మీద పేర్లు లేవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో అఖిలకు తెలియదు.

"ఒకటో నంబరు సూడుండ్రి మేడం" అంది అఖిల, ప్లేటు దీపం ముందు పెట్టి. "పాత ప్లేట్ల ఒక్కటి గూడ రాలె. ఇప్పుడు సూడుండ్రి, లెక్క పెట్టనీకి గూడ రాదు."

ప్లేటంతా పంచదార చల్లినట్టు గరుకుగా, నీలంగా మెరుస్తోంది. హరిత చాలాసేపు చూసింది. అందంగా వచ్చింది. రెండు నెలలుగా ఇలా రావాలనే ఎదురు చూసింది.

"గీ ఒకటో నంబరు ఎవరో గాని, జర పళ్ళు సూపిచ్చుకోమని చెప్పుండ్రి."

"చెప్తాను" అంది హరిత. ఒకటో నంబరు ఆమెదే.

రెండో నంబరు యశ్వంత్‌ది. కొద్దిగా మొలిచింది. ఐదు చిన్నుది, ముందులాగే నిండుగా ఉంది.

"నాలుగు?"

"నాలుగుల ఏడే ఏడు. పాత ప్లేట్ల ఆరుండె. మామూలే మేడం, గంత మాత్రం ఎవరికైనా ఉంటది."

నాలుగు లచ్చమ్మ.

"గమ్మత్తు ఏందంటే మూడు" అంది అఖిల, రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టి. "కొత్త ప్లేట్ల లేదు, సరే. సాదా ప్లేట్ల గూడ లేదు. రెండు సుక్కలు, గంతే. సచ్చినోళ్ళ నోట్ల గూడ ఏదో ఒకటి ఉంటది మేడం. ఇది నోట్లకెల్లి వచ్చిందేనా? ఎవరన్న నీళ్ళు గిట్ల పోసిచ్చిన్రా?"

మూడు సరోజమ్మ.

హరిత స్టూలు మీద కూర్చుంది. నిర్దోషి అనుకున్న నోరు ఖాళీ నోరు. ఖాళీ నోరంటూ లోకంలో లేదు. తన నోటిని మందు కాపాడింది, అత్త నోటిని ఇంకేదో కాపాడింది. పాచి నోటితో ఇమ్మంటే చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఒక్కతే కాయితం మీదికెక్కింది.

సిగ్గు వేయాలి అనుకుంది. కాస్సేపు ఎదురు చూసింది. రాలేదు. లేచి గ్లవ్స్ మార్చుకుని, కొత్త కాయితం మీద ఐదు పేర్లు రాసింది. ఈసారి మొదటి పేరు తనది.

*

సాయంత్రం ఇంటికి పోకుండా సెల్లార్లోకి దిగింది. కార్ల వెనక, జనరేటర్ పక్కన లింగయ్య వాళ్ళ గది. లచ్చమ్మ గిన్నెల్ని చీరలో మూట కడుతోంది. హరితను చూసి లేచింది. అలవాటు.

"కూర్చో లచ్చమ్మా. ఒక మాట చెప్పాలి." గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది హరిత. పాత పరీక్షలో తప్పుంది. నీ నోట్లో ఉన్నది మామూలే. నా నోట్లో అంతకు వంద రెట్లుంది. అత్తయ్యది మళ్ళీ చూడాలి.

లచ్చమ్మ ముడి బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది.

"నేనొకటి అడుగుత అమ్మా. ఏమనుకోవద్దు."

"అడుగు."

"మీ ఇంట్ల నా గిలాస వేరే, నా పల్లెం వేరే. బాల్కనీల బోర్లిచ్చి పెడుతుంటి. పాపకు తినిపిచ్చేటప్పుడు చేతులు సబ్బుతోని రెండుసార్లు కడిగిపిచ్చెటిది పెద్దమ్మ. ఉప్పు గూడ ఏనాడు నోట్ల వెట్టుకోని సూడలె. మరి నా ఎంగిలి పాప నోట్లకు ఎట్ల పోతదమ్మా?"

ఏ ప్లేటులో ఏది ఎలా వచ్చిందని అడగడం హరిత ఉద్యోగం. ఈ ఒక్కటీ అడగలేదు.

"మీరేమో పాచి నోటితోనే ఇయ్యి, నీళ్ళు గూడ తాగకు అన్నరు" అంది లచ్చమ్మ. "నాలుగున్నరకు లేచి, చాయ్ గూడ తాగక ఇచ్చిన. చెప్పినట్టు జేసుడే నా తప్పయింది."

"ఈ కాయితం సెక్రటరీకి చూపిస్తాను. నువ్వు ఉండు. పైకి కూడా రా, చిన్ను అన్నం తినడం లేదు."

పాప పేరు వినగానే లచ్చమ్మ మొహం ఒక్క క్షణం కదిలింది. వెంటనే సర్దుకుంది.

"కాయితంతోని ఏమైతదమ్మా. మాట పెద్దమ్మ నోట్లకెల్లి పోయింది. ఆ నోట్లకెల్లే మళ్ళ రావాలె."

సెక్రటరీ లక్ష్మీనారాయణ కూడా అదే అన్నాడు, ఇంకో రకంగా. కాయితం అటూ ఇటూ తిప్పి చూసి, "మీ అత్తగారు ఒకటి చెప్తారు, మీరొకటి చెప్తారు. ముందు మీ ఇంట్లో తేల్చుకోండి మేడం" అన్నాడు.

*

ఇంట్లో సరోజమ్మ శెనక్కాయల చిక్కీ ముక్కను పైట కొంగులో చుట్టి, గుడ్డ మీదినుంచి కొరికి, విరిగిన ముక్క చిన్నుకి అందిస్తోంది. కాకెంగిలి. గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి కాదని ఆమె నమ్మకం. అమ్మ చెప్పింది, అమ్మకు వాళ్ళమ్మ చెప్పింది.

"పొద్దున్నుంచి ఏమీ తింటాండ్లేదు. ఇదొక్కటే తినింది" అంది, హరిత చూపు చూసి.

హరిత బ్యాగు దింపింది. "అత్తా, ఆ రోజు గొట్టంలోకి ఇచ్చేముందు నోరు కడుక్కున్నారా?"

"కడుక్కోకుండా ఎట్లిస్తా?"

"పాచి నోటితో ఇవ్వాలని చెప్పాను."

"చెప్పినావులే. పాచి నోటి ఎంగిలి తెచ్చి కోడలి చేతిలో పెడతానా? ఆ మాత్రం మర్యాద తెలీదా నాకు? పళ్ళు తోముకున్యా. ఉప్పునీళ్ళు పుక్కిలించినా. చిగుళ్ళకని డాక్టరిచ్చిన ఎర్రమందు కూడా పోసుకుని, ఆ తర్వాతనే ఇచ్చినా. నీకు అసహ్యం కాకూడదని."

తన కోసం చేసింది. హరిత బ్యాగులోంచి కొత్త కాయితం తీసి టేబుల్ మీద పెట్టింది.

"శుభ్రంగా ఉందా అని చూసేది కాదత్తా. ఏముందో చూసేది. ఆ ఎర్రమందు మీ గొట్టంలో అన్నిటినీ చంపేసింది."

"చస్తే మంచిదే గదా."

"లచ్చమ్మ ఏ మందూ పోసుకోలేదు. చెప్పినట్టే ఇచ్చింది. అందుకే ఆమెది బతికింది."

యశ్వంత్ లోపలినుంచి వచ్చి టేబుల్ మీది కాయితం తీశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"నీ పేరెందుకు మొదట ఉంది?"

"ఎక్కువ నాదే కాబట్టి."

"అంటే చిన్నుకి నీ నుంచి వచ్చిందా?"

"వచ్చి ఉండొచ్చు. నా చెంచాతోనే దానికి పాలు పట్టాను కదా. అత్త నుంచీ రావచ్చు. లచ్చమ్మ నుంచి రావడమే అన్నిటికంటే కష్టం. ఆమె గ్లాసు వేరు."

"ఇది సెక్రటరీకి చూపించావా?" అతని గొంతు తగ్గింది. "రేపు గ్రూపులో మన గురించి ఏమంటారో ఆలోచించావా? వాళ్ళు వెళ్ళేది ఎలాగూ వెళ్తున్నారు. ఇంకో పనిమనిషిని చూసుకుందాం."

హరిత అతని వంక చూసింది. ఈ మనిషి మీద కూడా కోపం రాలేదు. శనివారం తను నోరు మూసుకుని అన్నమాటే ఇతను నోరు తెరిచి అంటున్నాడు, అంతే తేడా.

సరోజమ్మ వీళ్ళ మాటలు వినడం లేదు. కొంగులో మిగిలిన చిక్కీ ముక్కను చూస్తోంది. గుడ్డ మీద తడి మచ్చ, ఇంత వెడల్పున. వేలితో తడిమింది. తడి ఇవతలికీ ఉంది, అవతలికీ ఉంది.

"అయితే నా నోట్లో ఏముండేది నీకు తెలీదు" అంది చివరికి.

"తెలియదత్తా."

"నాకూ తెలీదు."

చిన్ను చెయ్యి చాచింది, ఇంకో ముక్క కోసం. సరోజమ్మ ఇవ్వలేదు. కొంగు ముడి వేసి, లేచి తన గదిలోకి వెళ్ళింది. ఆ రాత్రి అన్నానికి పిలిస్తే రాలేదు.

*

బుధవారం పొద్దున్న ఐదున్నరకు హరిత పొయ్యి మీద పాలు పెడుతుంటే వెనక అలికిడయింది.

సరోజమ్మ. జుట్టు ముడి లేదు, బొట్టు లేదు. నలభై ఏళ్ళ నుంచి ఆమెకో నియమం, నోరు పుక్కిలించి దేవుడి పేరు అనుకున్నాకే మనుషులతో మాట. ఇప్పుడు పెదవులు బిగించుకుని ఉంది. చెయ్యి చాచింది.

హరితకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. బ్యాగులోంచి ఖాళీ గొట్టం తీసి ఇచ్చింది. సరోజమ్మ గోడ వైపు తిరిగి ఉమ్మి పట్టి, మూత బిగించి, తనే కోడలి చేతిలో పెట్టింది. తలెత్తి చూడలేదు. గొట్టం వెచ్చగా ఉంది.

హరిత దాని మీద మూడు అని అంకె వేయబోతుంటే సరోజమ్మ పెన్ను లాక్కుంది. అంకె వేయలేదు. వంకర అక్షరాలతో తన పేరు మొత్తం రాసింది.

కింద సెల్లార్లోంచి ట్రాలీ వెనక్కి తీస్తున్న చప్పుడు పైదాకా వినిపించింది. తర్వాత ఏదో బరువైనది ఎక్కించిన చప్పుడు. బీరువా కావచ్చు.

"ఇది మొలవడానికి రెండు రోజులు పడుతుందత్తా" అంది హరిత. "వాళ్ళు ఇప్పుడే పోతున్నారు."

సరోజమ్మ బాత్‌రూమ్ తలుపు వైపు చూసింది. అద్దం కింద బ్రష్షు, ఉప్పునీళ్ళ చెంబు, ఎర్రమందు సీసా వరసగా ఉన్నాయి. అటు రెండడుగులు వేసింది.

ఆగింది.

వెనక్కి తిరిగి, చెప్పుల స్టాండు మీద నిన్నట్నుంచీ ఎవరూ ముట్టుకోని తాళంచెవి తీసుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటింది.

"అత్తా, నోరు..." అంది హరిత.

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. సరోజమ్మ నోరు కడుక్కోలేదు.